మేకు కొట్టిన చోటు

గోడలోకి నడిచి వెళ్ళిపోయిన పెద్దమనిషి కథ ఆ వీధిలో అడిగిన వాళ్ళకీ చెబుతారు, అడగని వాళ్ళకీ చెబుతారు. మేకు అనే పెయింటరు టైలరు షాపు వెనక గోడ మీద ఒక గది బొమ్మ వేశాడట. అది బొమ్మ అని తెలియక ఒక పెద్దాయన తిన్నగా లోపలికి నడిచాడట. మంగలి షాపులో చెప్పేటప్పుడు ఆయన ముక్కు పగులుతుంది. పాల బూత్ దగ్గరికి వచ్చేసరికి ముక్కుతో పాటు రెండు పళ్ళు కూడా రాలతాయి. బస్టాపు చేరేసరికి ఆయన అసలు బయటికే రాడు. ఇంకా ఆ గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడని, గోడకి చెవి ఆనిస్తే దగ్గు వినిపిస్తుందని చెబుతారు. గోరంతను కొండంత చెయ్యడానికి ఖర్చేముంది?

దగ్గు సంగతి మాత్రం నిజం. ఆ గోడ అవతల గది మేకుదే. రంగుల వాసనకి పొద్దస్తమానం దగ్గుతూనే ఉంటాడు.

అతనికి ఆ పేరు పని వల్ల వచ్చింది. ఏ గోడ అప్పజెప్పినా రంగు డబ్బా మూత తీయకముందే ఒక మేకు కొడతాడు. దానికి దారం కడతాడు, దారానికి సుద్ద రుద్దుతాడు. రెండో కొస పట్టుకుని గట్టిగా లాగి, మధ్యలో వేలితో కాస్త ఎత్తి వదిలితే టప్పుమని గోడ మీద తెల్లటి గీత పడుతుంది. అలా చుట్టూ గీతలు కొట్టాక చూస్తే ఆ మేకు ఏదో వార్త చెప్పినట్టు, గీతలన్నీ అది వినడానికి పరిగెత్తుకొస్తున్నట్టు ఉంటుంది. నేల పలకల అంచులూ, అల్మరా అరలూ, పైకప్పు దూలాలూ, దూరం వెళ్ళేవన్నీ ఆ మేకు దగ్గరికే చేరాలి. చేరితే గోడ లోతవుతుంది. ఒక్కటి దారి తప్పినా మళ్ళీ ఉత్త గోడే.

ఈ విద్య నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆయన ఫొటో స్టూడియోలకి తెరలు వేసేవాడు. తోటలు, మెట్లు, స్తంభాల వరసలు. తెర వెయ్యబోయే ముందు స్టూడియోకి వెళ్ళి కెమెరా కన్ను నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలుచుకుని వచ్చేవాడు.

"చూసే కన్ను ఎంత ఎత్తులో ఉంటే మేకు అంత ఎత్తులో కొట్టాలిరా. గోడ నీదీ కాదు, ఇంటివాడిదీ కాదు. చూసే కంటిది" అనేవాడు.

చేతులు ఎంత చురుకో మేకుకి నోరు అంత మొద్దు. నలభై దగ్గర పడుతున్నా "ఊ", "ఊహూ", "చూద్దాం" అనే మూడు మాటలతోనే బతుకు లాక్కొస్తున్నాడు. గోడ పని మాట్లాడుకోవడానికి ఆ మూడూ చాలు. చిక్కంతా గుండీ దగ్గర వచ్చింది.

అతనికి ఉన్న మంచి చొక్కా ఒక్కటే, నీలం రంగుది. దానికి మూడో గుండీ ఊడిపోయింది. కుట్టించుకుందామని గోడకి ఇవతల ఉన్న టైలరు షాపుకి వెళ్ళాడు. అక్కడ మిషను తొక్కేది టైలరమ్మ. మనిషి సన్నగా, తీరుగా ఉంటుంది, మాట చురుగ్గా ఉంటుంది. వచ్చిన సంబంధానికల్లా వాళ్ళ నాన్నతో "కొలత కుదరలేదు నాన్నా" అని చెప్పి తిప్పి పంపేసింది. ఆమె తలెత్తగా చూసినవాళ్ళు లేరు. వీధి వెలుతురు భుజం మీదుగా సూది మీద పడేట్టు, వీధికి వీపు పెట్టి, వెనక గోడకి ఎదురుగా కూర్చుంటుంది. ఎదురుగా ఉన్నది గోడేగా, తలెత్తి ఏం చూడాలి?

"ఏం కావాలి?" అంది బట్ట మీది నుంచి కళ్ళు తియ్యకుండానే.

గుండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ కూర్చుండిపోయింది. వేళ్ళకి అంటిన సుద్దపొడి చూసుకుంటూ, "సుద్ద" అన్నాడు.

ఆమె అరిగిపోయిన సుద్దముక్కల డబ్బా మోచేత్తో ఇటు తోసింది. గుప్పెడు తీసుకుని వచ్చేశాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ సుద్దే. వారం తిరిగేసరికి మేకు గదిలో ఒక బడికి సరిపడా సుద్ద పోగైంది. చొక్కాకి మాత్రం మూడో గుండీ లేదు. సాయంత్రాలు మంచం మీద పడుకుని గోడ అవతల మిషను చప్పుడు వినేవాడు. కోపంగా ఉంటే ఒక రకంగా, పాట పాడుకుంటూ కుడితే ఒక రకంగా తిరిగేది. ఆమె ముఖం కన్నా మిషనే అతనికి ఎక్కువ తెలుసు.

ఒకరోజు సుద్ద డబ్బాతో పాటు మాట కూడా వచ్చింది.

"మేస్త్రీ గారూ, మీరు గోడల మీద బొమ్మలు వేస్తారటగా?"

"ఊ."

"ఈ షాపు చూస్తున్నారుగా, అగ్గిపెట్టె. కొలతకి చేతులు చాపమంటే ఒక చెయ్యి వీధిలో ఉంటుంది. ఇంకొకళ్ళు లోపలికొస్తే ఊపిరాడట్లేదని ముందున్నవాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఆ వెనక గోడ ఉన్నట్టే అనిపించకూడదు. గది ఇంకా లోపలికి ఉందనిపించాలి. వేస్తారా?"

"చూద్దాం."

"మాటలు కూడా మీటర్ల లెక్కన కొలిచి ఇస్తారా ఏంటి మీరు?" అంది టైలరమ్మ. తల మాత్రం ఎత్తలేదు.

ఆ సాయంత్రం మేకు తన గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏం వెయ్యాలి? తోటా? వరండానా? అవతల మిషను హుషారుగా తిరుగుతోంది. ఈ గోడ లేకపోతే ఆమెకి ఎదురుగా ఏం కనిపిస్తుంది? నా గదే కదా! ఆ ఆలోచన రాగానే ఒళ్ళంతా గిలిగింతలు పెట్టినట్టయింది. లేచి రెండుసార్లు గిర్రున తిరిగి, స్టూలు తన్నుకుని, మళ్ళీ కూర్చున్నాడు. నోటితో చెప్పలేనిది గోడతో చెప్పొచ్చు. ఆమె పని ఆపి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తలెత్తితే చాలు.

మరి చూసే కన్ను ఆమెది కాబట్టి మేకు ఆమె కంటి ఎత్తులోనే కొట్టాలి. కూర్చున్న మనిషి కంటి ఎత్తు. టేపు పట్టుకుని వెళ్ళి "కాస్త మీ కళ్ళు కొలుచుకుంటాను" అంటే ఇంకేమైనా ఉందా! కానీ కుర్చీ వెనక షట్టరు పక్కన చిన్న గోడ ఉంది. నడుం నొప్పి పుట్టినప్పుడల్లా ఆమె వెనక్కి వాలి తల ఆనిస్తుంది. అక్కడ తలనూనె మచ్చ గుండ్రంగా పడి ఉంది. ఆమె భోజనానికి వెళ్ళిన వేళ చూసి, అతను నేల నుంచి ఆ మచ్చ దాకా దారం పట్టి ముడి వేసుకున్నాడు. అదే దారంతో వెనక గోడ దగ్గర కొలిచి, ముడి దగ్గర మేకు కొట్టాడు. సుత్తి రెండో దెబ్బ వేలి మీద పడింది. నొప్పి తెలిస్తేగా!

తర్వాత పని పండగలా సాగింది. ముందు వరసలో నేల పలకలు పెద్దవి, ముదురు రంగువి. వెనక్కి వెళ్ళేకొద్దీ ఒక్కో వరసా చిన్నదవుతుంది, రంగు పల్చబడుతుంది. దగ్గరున్న అల్మరాలో బట్టల తానులు ఎర్రగా, ఆకుపచ్చగా అరుస్తున్నట్టుంటాయి. లోపలికి వెళ్ళేకొద్దీ రంగులు గొంతు తగ్గించి గుసగుసలాడతాయి. స్టూలు మంచం కోడుని కాస్త దాస్తుంది, మంచం కిటికీ అంచుని కాస్త దాస్తుంది. ఒకదాన్నొకటి దాచుకుంటేనే కదా ఏది ముందు, ఏది వెనక అని తెలిసేది. అన్నీ వరసగా కనబడితే అవి గదిలో సామాన్లు కావు, అంగడిలో సామాన్లు. చివరాఖరికి, అన్నిటికన్నా దూరంగా, ఎదుటి గోడ మీద కొక్కేనికి వేలాడుతూ నీలం చొక్కా. గీతలన్నీ వచ్చి చేరిన మేకు సరిగ్గా చొక్కా మధ్యలో నిలిచింది. మూడో గుండీ ఉండాల్సిన చోట. పని అయ్యాక మేకు పీకెయ్యడం అతనికి అలవాటు. ఈ ఒక్కదాన్ని మాత్రం పీకడానికి చెయ్యి రాలేదు.

ఇంత చేశాక ఏమైంది? టైలరమ్మ తలెత్తలేదు. బడులు తెరిచే రోజులు. యూనిఫాంల గుట్టలో ఆమె పాపిట మాత్రం కనబడుతోంది. "అయిపోయిందా మేస్త్రీ గారూ? బాగుందా? ఒక్క పది నిక్కర్లు కుట్టి చూస్తానుండండి" అంది. ఆ పది నిక్కర్ల వెనక ఇంకో పది వచ్చిపడేవి.

చూసినవాళ్ళు మిగతా లోకం. వాళ్ళంతా నిలబడి చూశారు.

"గదేనా ఇది? నూతిలోకి దిగే దారిలా ఉందే!" అంది ఒకావిడ.

"నేలంతా పల్లంలోకి జారిపోతోందండీ. మంచం మీద పడుకుంటే పొద్దున్నకి కిటికీ కింద తేలతాం."

ఎదురు షాపులో గడియారాలు బాగుచేసే ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని మరీ వచ్చాడు. అటు వంగి ఇటు వంగి చూశాడు. "తమ్ముడూ, నీ గది కొంచెం స్లో నడుస్తోంది. కీ ఇవ్వాలి" అన్నాడు. షాపంతా గొల్లుమంది.

కొత్తగా హాలు కట్టిస్తున్న పెద్దమనిషి తన స్టేజీ గోడ మేకుకే ఇస్తానన్నవాడు కాస్తా, ఇది చూసి "ఆలోచిద్దాంలే" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ కుర్చీలో కూర్చుని చూడండి అంటే అందరి నోళ్ళూ మూతబడేవి. కానీ ఆ కుర్చీలోనే ఎందుకు అని అడుగుతారు. ఆమె ఎత్తుకే ఎందుకు కొట్టావురా మేకు అని అడుగుతారు. ఆమె చూడకముందే ఊరంతా చూసేస్తుంది. మింగలేక కక్కలేక మేకు కుక్కిన పేనులా ఊరుకున్నాడు. అలా ఊరుకుంటే చేతిలో పని పోయేట్టుంది. నోరు విప్పితే అంతకన్నా పెద్దదేదో పోయేట్టుంది.

ఇక మిగిలింది టైలరమ్మ వాళ్ళ నాన్న. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. నిలువునా చూస్తే కూతురు కూర్చున్నంత ఉంటాడు. గొంతు మాత్రం బస్సుకి ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడుతుంది. కంటికి ఆపరేషనై, ఒక కంటి మీద గుడ్డకట్టుతో ఇంట్లోనే ఉంటున్నాడు. బొమ్మ చూడలేదు, మాటలు విన్నాడు. చూడకుండా తీర్పు చెప్పడానికి ఒంటికన్ను కూడా అక్కర్లేదు కదా.

"పరువు పోతోంది. ఆదివారం సున్నం కొట్టించెయ్. వేసినవాడే తుడవాలి" అని కబురు పెట్టాడు.

"నాన్న మాట కాదనలేను మేస్త్రీ గారూ. ఏమనుకోకండి" అంది టైలరమ్మ, కాలరు తిప్పి కుడుతూ. అప్పుడు మిషను చప్పుడు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది. మేకు అది విన్నాడు.

ఆదివారం పొద్దున్నే మేకు నీలం చొక్కా తొడుక్కుని, సున్నం బక్కెట్టు పట్టుకుని వచ్చాడు. షాపు నిండా తల్లులు. రేపే బళ్ళు తెరుస్తారు. బక్కెట్టు గోడదాకా వెళ్ళడానికి దారి లేదు. టైలరమ్మ చివరి యూనిఫాం కుడుతోంది. మేకు ఒక మూలకి ఒదిగి బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. ఈ కాలరు అయిపోయేలోపు తలెత్తితే ఎత్తినట్టు, లేకపోతే ఇక లేదు.

అంతలో గుమ్మంలోకి వాళ్ళ నాన్న వచ్చాడు. గుంపుని చూడగానే బొమ్మ సంగతీ సున్నం సంగతీ మరిచిపోయాడు, ఆయన ఒంట్లో పాత కండక్టరు లేచి కూర్చున్నాడు.

"జరగండమ్మా, జరగండి! గుమ్మంలో నిలబడొద్దు! లోపల బోలెడు ఖాళీ ఉంది!"

"ఎక్కడండీ ఖాళీ? ఊపిరే ఆడట్లేదు ఇక్కడ" అంది ఒకావిడ.

"ఎక్కడంటారేంటమ్మా? ఒంటికంటివాడిని, మీ సందుల్లోంచి నాకే కనిపిస్తోంది! ఆ స్టూలు దాటి, మంచం పక్కకి వెళ్ళండి! అంత గది పెట్టుకుని అందరూ ఇక్కడే వేలాడతారేం?"

తల్లులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరైనా ఏమైనా చెప్పేలోపు ఆయన మోచేతులతో దారి చేసుకుంటూ బయల్దేరాడు. కండక్టర్లు ముందుకి నడుస్తారు, వెనక్కి చూస్తారు. "రండి, నా వెనకే రండి, ఇలా లోపలికి..." అని వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూ నడిచి, నడిచి, ముఖం ముందుకి తిప్పాడు.

ఠప్!

పెద్దాయన ముక్కు పట్టుకుని వెనక్కి తూలి, కుట్టి పెట్టిన యూనిఫాంల గుట్ట మీద కూలబడ్డాడు. గోడని ఎగాదిగా చూశాడు.

"ఎవరయ్యా తలుపేసింది?" అన్నాడు.

టైలరమ్మ నవ్వింది. చిన్న నవ్వు కాదు. కాలరు వదిలేసి, కత్తెర జారిపోతుంటే పట్టించుకోకుండా, పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వలేక వెనక్కి వాలింది. తల వెళ్ళి సరిగ్గా ఆ నూనె మచ్చ మీద ఆనింది. ఒక కన్ను నీళ్ళతో నిండిపోతే అరచేత్తో తుడుచుకుంటోంది. రెండో కన్ను తెరుచుకుని ఉంది. నాన్న మోచేతులతో చేసిన దారిలోంచి అది ఎదురుగా చూసింది.

నవ్వు సగంలో ఆగిపోయింది.

గోడ లేదు. షాపు నేల అలాగే లోపలికి సాగిపోయింది. అల్మరా దాటి, స్టూలు దాటి, మంచం దాటి, పల్చటి కిటికీ వెలుతురు దాకా. పల్లం లేదు, జారుడు లేదు, ఎక్కడా ఒక్క పోగు వంకర లేదు.

"ఒక కన్ను మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది" అన్నాడు మేకు మూలనుంచి. "రెండు కళ్ళతో చూస్తే గోడ దొరికిపోతుంది. మీరు సూదిలో దారం ఎక్కించేటప్పుడు మూస్తారుగా, అలాగ."

అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా ఎవరూ వినలేదు. అతనే వినలేదు.

ఆమె మూసింది. చాలాసేపు చూసింది. "గొడుగు గౌనులా ఉందే! ముక్కలన్నీ కింద వెడల్పు, పైకి వెళ్ళేకొద్దీ సన్నం, అన్నీ వచ్చి నడుం దగ్గర కలిసినట్టు..." అంటూ ఆ గీతల వెంట కన్ను పంపుతూ, పంపుతూ, అన్నీ కలిసే చోటికి వెళ్ళి ఆగింది. టైలరు కన్ను. ఇంకెక్కడ ఆగుతుంది?

"ఆ చొక్కాకి మూడో గుండీ లేదు" అంది.

తల తిప్పి మేకు వైపు చూసింది. బ్రష్షు, సున్నం బక్కెట్టు, నీలం చొక్కా, మూడో గుండీ లేని చోట పిన్నీసు.

"ఎవరిదండీ ఆ గది?"

"నాదే. గోడ అవతల."

"ఇన్నాళ్ళూ సుద్ద కోసమేనా వచ్చింది?"

"ఊహూ."

"మరి?"

"గుండీ."

"ఒక్క గుండీ అడగడానికి గోడంతా రంగు పూశారా!" అంది ఆమె. షాపు మళ్ళీ గొల్లుమంది. ఈసారి మేకు కూడా నవ్వాడు, దగ్గొచ్చేదాకా.

ఆమె మెడలో టేపు తీసి నేల నుంచి గోడ మీది మేకు దాకా కొలిచింది. తర్వాత నేల నుంచి నూనె మచ్చ దాకా కొలిచింది. రెండుసార్లూ బొటనవేలు టేపు మీద ఒక్క చోటే నిలిచింది. చెవులు ఎర్రబడ్డాయి.

ఇక చూడాలి ఆ సందడి! తల్లులంతా ఆ కుర్చీకి వరస కట్టారు. ఒక్కొక్కరూ కూర్చోవడం, కన్ను మూసుకోవడం, "ఓరి నాయనో" అనడం. పెద్దాయన రెండు ముక్కుపుటాల్లో దూది కుక్కుకుని వరస నడిపించడానికి నిలబడ్డాడు. "ఒక్కొక్కరే! చూసినవాళ్ళు దిగండి! చిల్లర అక్కర్లేదు!" గడియారాలాయన భూతద్దం తీసేసి కూర్చుని చూసి, "ఇప్పుడు టైము సరిగ్గా ఉంది" అని ఒప్పుకున్నాడు. హాలు పెద్దమనిషి మధ్యాహ్నానికి గొడుగుతో సహా తిరిగొచ్చాడు.

"ఏమయ్యా మేకూ" అన్నాడు పెద్దాయన దూదిలోంచి. "కూర్చుంటేనే సరిగ్గా కనబడేట్టు వేస్తే, మరి నిలబడ్డ నాకెలా కనబడింది?"

మేకు నేల చూశాడు. తల్లులు చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నువ్వు నిలబడితే నేను కూర్చున్నంత కదా నాన్నా" అంది కూతురు.

పెద్దాయన మేకునీ, కూతుర్నీ, గోడనీ మార్చి మార్చి చూశాడు. గొంతు తగ్గించి, అంటే పక్క షాపుకి మాత్రమే వినపడేలా, "ఏమ్మా, కొలత?" అని అడిగాడు.

"కుదిరింది నాన్నా" అంది టైలరమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

చొక్కా విప్పమనకుండానే, అతన్ని ఊపిరి బిగబట్టి నిలబడమని, గుండీ కుట్టేసింది. ఆ సున్నంతో షాపు బయటి గోడ తెల్లబడింది. లోపలి గోడ అలాగే ఉంది.

ముక్కు పగిలిన సంగతి, పళ్ళు ఊడిన సంగతి, బయటికి రాని పెద్దమనిషి సంగతి ఇప్పటికీ బస్టాపులో చెప్పుకుంటారు. ఆ కథలో లేనిది ఒకటే. బొమ్మలో చొక్కాకి కూడా ఇప్పుడు మూడో గుండీ ఉంది. అది రంగుతో వేసింది కాదు. రెండు పోగుల తెల్లదారంతో మేకుకి కట్టిన గుండీ.